హాలెండుకు పలకరింపు

నేను ఏడో తరగతితోనే బడి మానేసినదాన్ని. ఎవరైనా అడిగితే ఆ సంగతి చెబుతాను. అడగకపోతే లైబ్రరీ సంగతి చెబుతాను. హన్మకొండలో మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉండేది అది. మధ్యాహ్నం గిన్నెలు తోమి, అత్తమ్మ కునుకు తీయగానే బయలుదేరేదాన్ని. ఆడవాళ్ల కోసం ఒక బల్ల వేరుగా వేసి ఉంచారు గానీ, దాని దగ్గర కూర్చునేది నేనొక్కదాన్నే కాబట్టి అది నా బల్లే. వారపత్రికల సీరియళ్లతో మొదలుపెట్టి, తెలుగు అల్మారాలు అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు అల్మారాలోకి దిగాను. ఏ పుస్తకం ఏ అరలో ఉందో తనకంటే నాకే బాగా తెలుసని లైబ్రేరియన్ ఒకసారి అన్నాడు. అది మెచ్చుకోలు అని నేను అనుకున్నాను. మా ఆయన వేరే విధంగా అనుకున్నాడు.

మా ఆయన కాజీపేటలో రైల్వే గార్డు. డ్యూటీ దిగి వచ్చి, జెండాలు గూట్లో పెట్టి, "లైబ్రరీ మేడం ఇయ్యాల ఏ దేశం తిరిగొచ్చింది?" అని అడిగేవాడు. నేను నిజంగానే చెప్పేదాన్ని. అన్నం తింటూ స్వీడన్ గురించి వినవలసి వచ్చే గార్డు ఆ డివిజన్ మొత్తంలో తానొక్కడేనని తోటివాళ్ల దగ్గర చెప్పుకునేవాడట.

ఎనభైల మొదట్లో మా మేడ మీది గదిలోకి ఒక అమ్మాయి అద్దెకు వచ్చింది. నర్సంపేట అవతల ఒక పల్లె, మిరపా పత్తీ వేసే ఇల్లు. యూనివర్సిటీలో మొక్కల జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. మొదటి రోజు ఒక సూట్‌కేసుతో వచ్చింది. రెండో రోజు రిక్షా నిండా మట్టికుండీలతో వచ్చింది. అన్నిటిలో మిరప మొక్కలే. వాటిని డాబా మీద వరసగా పెట్టి, కర్రలు నిలబెట్టి, చుట్టూ దోమతెర కట్టింది.

అత్తమ్మ మెట్లెక్కి వచ్చి చూసింది. "ఈ ఇంట్ల మనుషులకే దోమతెర లేదు. మిరపచెట్లకు కట్టినవా బిడ్డా?"

"తెల్లదోమ కుడితె వీటికి బొబ్బర తెగులు వస్తదమ్మా. కుట్టినంక ఎన్నొద్దులకు ఆకు ముడుచుకుంటదో నేను చూస్తున్న."

"అది చూసేటందుకు చదువెందుకు? మా నాయిన చేన్ల ఏటా వచ్చేది. ఆకు ముడుచుకునేది, కాయ వంకర పోయేది, మా నాయిన తిట్టేటోడు."

"తిట్టినా పోలేదు గదమ్మా. అందుకే చదువుతున్న."

ఆ జవాబు అత్తమ్మకు నచ్చింది. నచ్చిన గుర్తుగా తర్వాతి నెలలో తెర కింద చెయ్యి పెట్టి రెండు కాయలు తెంపి తొక్కు నూరింది. ఆ రెండు కాయలు థీసిస్‌లో 'తెలియని కారణంగా నష్టపోయినవి' అన్న పద్దు కింద చేరాయి.

ఆ అమ్మాయి నన్ను అక్కా అనేది, మా ఆయనను బావా అనేది. బావ అన్న మాట పడ్డాక మా ఆయనను ఆపడం ఎవరి తరమూ కాలేదు. డాక్టరేటు వచ్చిన రోజు ఆమె అందరికీ మిఠాయి పంచి, ఇక పోస్ట్ డాక్టరేట్ పని కోసం యూరప్‌లో వెతకాలని చెప్పింది.

"డాక్టరయినంక మళ్ల చదువుడేంది?" అన్నాడు మా ఆయన.

"చదువుడు కాదు బావా, పనే. పెద్ద ప్రొఫెసర్ దగ్గర రెండేండ్లు ఉండి పని చేసుడు. జీతం ఇస్తరు."

"అంటే అప్రెంటిస్."

"అట్లనే అనుకో."

"మంచిది, అప్రెంటిస్ డాక్టరమ్మా. మాకు లోకోషెడ్డుల గూడ జర జాగ ఉన్నది, చూడుమంటవా?"

నవ్వులాట అట్లా ఉన్నా, ఆమెకు అది నవ్వులాట కాదు. ఆమెకు వచ్చే ఫెలోషిప్ ఆ వేసవి సెలవులతో ఆగిపోతుంది. నర్సంపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు పని వాళ్ల అన్న మాట్లాడి పెట్టాడు. బడులు తెరిచేలోపు వేరే దారి దొరక్కపోతే ఆ పనిలో చేరాలి. మరి కుండీల సంగతేమిటని నేను అడిగాను.

"పీకి కాలబెట్టాలె అక్కా. జబ్బు మొక్కలు. ఎవ్వరికి ఇయ్యరాదు."

దోమ కడుపులో ఆ జబ్బు ఎట్లా దాగుతుందో చూడాలంటే కావలసిన యంత్రాలు, గాజు ఇళ్లు ఇక్కడ లేవు. ఆమె నాలుగేళ్ల పని డాబా మీద దోమతెర దగ్గర ఆగిపోయి ఉంది. మిగతా సగం ఏ దేశంలో ఉందో వెతకాలి.

ఆ రోజుల్లో అట్లాంటి పనుల ప్రకటనలు మన దాకా వచ్చేవి కావు. ఎవరి వ్యాసం చదివామో ఆ ప్రొఫెసరుకు నేరుగా ఉత్తరం రాయడమే పద్ధతి. చౌరస్తా దగ్గరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో బయోడేటా కొట్టించి, ఎయిర్‌మెయిల్ కవర్లలో పెట్టి పంపింది. జవాబులు వచ్చాయి. అన్నీ చక్కటి కాగితం మీద, అన్నీ ఒకే మాట. ప్రస్తుతం నిధులు లేవు, మీ దరఖాస్తును ఫైలులో ఉంచుతున్నాము.

మా ఆయన ఒక జవాబును వెలుతురుకు పట్టి చూశాడు. "తాసిల్ ఆఫీసుల నాకు గిదే చెప్పిండ్రు. వాళ్లకు మనకు ఫరక్ ఏమున్నది? కాయితం జర మందం, అంతే."

అత్తమ్మ మాత్రం ఫికర్ పడి, పని దొరికితే మేడారం జాతరలో ఆ పిల్ల బరువుకు సరితూగే ఎత్తు బెల్లం ఇస్తానని సమ్మక్కకు మొక్కింది.

"సన్నగున్నప్పుడే మొక్కినవు. హుషారు దానివి," అన్నాడు మా ఆయన.

ఇక నేను ఊరుకోలేకపోయాను. మా లైబ్రరీలో పై అరలో ఒక లావు పుస్తకం ఉంది. ప్రపంచంలో విశ్వవిద్యాలయాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ శాఖకు ఎవరు పెద్దో అందులో ఉంటుంది. లైబ్రేరియన్ స్టూలు ఎక్కి, దించి, దుమ్ము దులిపి నా బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్లల్ల దీన్ని అడిగింది మీరొక్కరేనమ్మా," అన్నాడు. ఆ మాటలో నాకు గౌరవమే వినిపించింది.

మధ్యాహ్నాలన్నీ దానికే పెట్టి, చివరికి హాలెండులో ఒక ప్రొఫెసరును పట్టుకున్నాను. మొక్కల వైరస్ జబ్బుల శాఖకు ఆయనే పెద్ద. పేరు రాసుకుని వచ్చి డాబా మీద చూపించాను. ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుని కూర్చుండిపోయింది.

"ఈయన నాకు తెలుసక్కా. అంటే, ఈయన వ్యాసం తెలుసు. మా డిపార్టుమెంటుల పాత సంపుటాల్ల ఉన్నది. ఆలుగడ్డ ఆకుముడత మీద రాసిండు. ఆకు బొమ్మ తన చేత్తోనే గీసిండు."

"మరి ఈయనకెందుకు రాయలేదు?"

"చాన పెద్దమనిషి అక్కా. ముసలాయన అయ్యుంటడు."

"ముసలోళ్ల మాటనే నడుస్తది. కింద మా అత్తమ్మను చూస్తలేవా?"

వాళ్ల డిపార్టుమెంటుకు విదేశీ పత్రికలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి ఆయన ఇప్పుడేం చేస్తున్నాడో తెలిసే దారి మా ఇద్దరికీ లేదు. నా పుస్తకం మీద నమ్మకమే ఉంది. నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. ఉత్తరాలు రాసే విధానం మీద ఒక పుస్తకం చదివి ఉన్నాను గనుక, ఉత్తరం గుమాస్తాల చేతిలో పడకుండా కవరు మీద 'పర్సనల్' అని పెద్ద అక్షరాలతో ఆమె చేత రాయించాను.

శివరాత్రి వెళ్లిన తర్వాత హాలెండు నుంచి కవరు వచ్చింది. తెరిస్తే అందులో మా కవరే ఉంది, చింపకుండా. దానితో పాటు మూడు వాక్యాల చీటీ. ప్రొఫెసరుగారు ఇప్పుడు జీవించి లేరు. నేను ఆయన శిష్యుణ్ని, ఆయన ప్రయోగశాలను ప్రస్తుతం నేను చూసుకుంటున్నాను. ఉత్తరం ఆయనకు సొంతమైనదిగా కనిపించినందున తెరవకుండా తిరిగి పంపుతున్నాను.

నేను కవరు మీది 'పర్సనల్' అన్న అక్షరాలనే చూస్తూ నిలబడ్డాను. ఆమె మాత్రం చురుకైన పిల్ల. "అక్కా, ఇది మంచిదే. శిష్యుని పేరు దొరికింది కద. బయోడేటా ఇయ్యాలనే ఆయనకు పంపుత," అంటూ కలం తీసింది.

ఏమైందని అడిగింది అత్తమ్మ, బియ్యం చెరుగుతూ. చెప్పాము. ఆమె చాట కింద పెట్టింది.

"సచ్చిపోయిండా? పాపం. ఎప్పుడు?"

"రాయలేదమ్మా."

"మరి పలకరింపు పోకుండ నౌకరి అడుగుతరా? తండ్రి అసొంటోడు పోయిండని ఆ పిలగాడు కబురు చెప్పిండు. నువ్వు పోయి నాకు పని ఇయ్యుమంటవా?"

"అమ్మా, హాలెండుకు పలకరింపు ఎట్ల పోతం?"

"కాయితం మీద పోతవు. నౌకరి అడిగే కాయితం పోతది గాని పలకరింపు కాయితం పోదా?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన, "ఇది మా అమ్మ సిగ్నల్. ఎరుపు ఉంటే బండి ఆగాలె," అని చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

మన దగ్గర చావు జరిగిన ఇంటికి పలకరింపు పోతే కొన్ని పద్ధతులున్నాయి. ఎట్లా జరిగిందో అడగాలి. పోయినవారి మంచి ఒకటి చెప్పాలి. మన పని ఏదీ ఎత్తకూడదు. లేచి వచ్చేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఊరికే లేచి నడిచి రావాలి. ఆ ఇంట్లో ఆ గడప దగ్గర మళ్లీ వస్తామన్న మాట మంచిది కాదు. అత్తమ్మ ఈ పద్ధతులన్నీ కాగితం మీద కూడా నడవాల్సిందేనంది. టైపు కూడా వద్దంది. టైపు మిషను దుఃఖపడుతుందా అని అడిగింది.

అట్లా మా వాకిట్లో ఆ ఉత్తరం మొదలైంది. అత్తమ్మ చెబుతుంది, ఆ అమ్మాయి ఇంగ్లీషులో రాస్తుంది, నేను నిఘంటువుతో కాపలా కాస్తాను.

"ఏం బీమారి అని అడుగు. దవాఖానల ఉంచిండ్రా, ఇంట్లనే ఉన్నడా అని అడుగు."

"అమ్మా, వాళ్లు ఇవన్నీ అడగరు. తప్పనుకుంటరు."

"అడగకుంటె దుఃఖం ఎట్ల బయటికొస్తది? రాయి. ఆఖరుకు పక్కన ఎవరున్నరు, నోట్లె నీళ్లెవరు పోసిండ్రు అని రాయి. ఆయన పెండ్లాం ఎట్లున్నదో అడుగు."

పళ్లు బిగించి ఆమె అన్నీ రాసింది. ఒక్కో ప్రశ్న రాసినప్పుడు నర్సంపేట బడి ఒక్కో అడుగు దగ్గరికి వస్తున్నట్టు ముఖం పెట్టింది. ఇక పోయినవారి మంచి ఒకటి చెప్పాలి. ఆయన మంచి మా అత్తమ్మకు తెలియదు, నా లావు పుస్తకంలోనూ లేదు. ఆ అమ్మాయే రాయాలి.

కొంతసేపు కలం నోట్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఎవరినీ అడగకుండా రాసుకుంటూ పోయింది. చిన్నప్పుడు వాళ్ల మిరప చేను మొత్తం బొబ్బర వచ్చి పోయిన ఏడు, వాళ్ల నాయిన పీకిన మొక్కను చేతిలో పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడట. ఆ జబ్బుకు ఒక కారణం ఉంటుందని అప్పుడు వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్లకు యూనివర్సిటీలో ఒక పాత సంపుటం తెరిస్తే, ఎవరో పరదేశి చేత్తో గీసిన ఆకు బొమ్మ కనిపించింది. ఈనెలు అట్లాగే ముడుచుకుని ఉన్నాయి. మీ గురువుగారు గీసిన ఆ ఆకును చూసి నేను మా నాయిన చేతిలోని ఆకును గుర్తుపట్టాను. అదీ ఆ చివరి వాక్యం. ఆమె కళ్లు తుడుచుకోలేదు గానీ, ముక్కు మాత్రం ఎగబీల్చింది.

"ఇప్పుడు సంతకం చేస్త," అంది.

ఇంగ్లీషు ఉత్తరం చివర విధేయురాలినని, జవాబు కోసం ఎదురుచూస్తానని రాయాలని నేను పుస్తకంలో చదివాను. ఆ మాట చెప్పాను.

"అది పోయొస్త అన్నట్టె కద," అంది అత్తమ్మ.

"పేరన్న రాయొద్దా?"

"కవరు మీద ఉంటది కద పేరు. లేసి రా బిడ్డా."

అట్లా ఆ ఉత్తరం పేజీ చివర ఆగిపోయింది. సెలవు లేదు, సంతకం లేదు. పోస్టు చేసి వచ్చాక ఆమె రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అత్తమ్మతో మాట్లాడింది. అత్తమ్మ మీద కోపం పట్టుకుని ఉండడం ఆ ఇంట్లో ఎవరివల్లా కాదు.

ఎండలు ముదిరాయి. మామిడికాయ తొక్కు పెట్టే రోజులు వచ్చాయి. సూట్‌కేసు మంచం కింది నుంచి మంచం మీదికి వచ్చింది. డాబా మీద కుండీలను ఒక మూలకు జరిపి, పక్కనే ఎండు కట్టెలు పేర్చి పెట్టుకుంది. అవి ఎందుకో నాకు తెలుసు కాబట్టి అడగలేదు. మా ఆయన కూడా ఆ వారం అప్రెంటిస్ అనలేదు.

అప్పుడు హాలెండు నుంచి జవాబు వచ్చింది. ఈసారి మూడు వాక్యాలు కాదు, చాలా కాగితాలు. మెట్ల మీద కూర్చుని ఆమె చదువుతూ అత్తమ్మకు తెలుగులో చెప్పింది.

ప్రొఫెసరుగారు పోయి చాలా ఏళ్లయింది. అప్పటికి తాను పడుచువాణ్నని రాశాడు శిష్యుడు. ఈ మాట దగ్గర మా ఆయన నా వైపు తిరిగాడు.

"నీ పుస్తకం అచ్చయినప్పుడు మన పెండ్లన్నా అయ్యిందా మేడం?"

నేను ఆమెను తర్వాతి పేజీ తిప్పమన్నాను.

ఎట్లా పోయారని ఇన్నేళ్లలో ఎవరూ తనను అడగలేదని రాశాడు ఆయన. అందుకని అన్నీ చెప్పాడు. గాజు ఇంట్లో మొక్కల మధ్యే ఒంట్లో బాగాలేక కూలబడ్డారట. దవాఖానలో కొన్నాళ్లు ఉన్నారట. ఆఖరి పొద్దున భార్యా తానూ పక్కన ఉన్నామని, ఆయన నీళ్లు అడగలేదని, కాఫీ అడిగారని, ఒక్క గుక్కే తాగగలిగారని రాశాడు.

"కాఫీ అన్న తాగిండు, పాపం," అంటూ అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మీ ఉత్తరాన్ని ఆయన భార్యకు చదివి వినిపించాను, ఆ ఆకు బొమ్మ అసలు ప్రతి ఇప్పటికీ ఆమె గోడ మీద ఉంది అని కూడా రాశాడు. చివరి పేరాకు వచ్చేసరికి ఆ అమ్మాయి మెట్ల మీద నుంచి లేచి నిలబడింది. మీ ఉత్తరంలో రెండో పేజీ దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది. మొదటి పేజీ అట్లా మధ్యలో ఆగిపోయింది, కింద మీ పేరు కూడా లేదు. కాగితాన్ని చాలాసార్లు తిప్పి చూశాను. మిరప మొక్కల మీద మీరేం చేస్తున్నారో ఆ పేజీలో రాసి ఉంటారు. నాకు అది చదవాలని ఉంది. దయచేసి మళ్లీ పంపండి.



"ఇప్పుడు రాయొచ్చా అమ్మా?" అని అడిగింది ఆమె.

"వాళ్లే అడిగిండ్రు కద," అంది అత్తమ్మ. "అడిగినంక చెప్పకుంటె మర్యాదనా?"

రెండో పేజీ పంపుతున్నానని రాసి, ఆమె పద్నాలుగు పేజీలు పంపింది. దోమలు, కుండీలు, ఆకులు, అన్నీ. ఫోటోకు బదులు తానూ ఒక ఆకు బొమ్మ గీసి పెట్టింది. వాళ్ల అన్నను బతిమాలి గడువు అడిగింది. బడులు తెరిచిన వారం, ఆమె పేరు రిజిస్టరులో ఎక్కకముందే, జవాబు వచ్చింది. చలికాలం మొదట్లో ఒక చోటు ఖాళీ అవుతుంది, రెండేళ్లకు జీతం ఉంది, తెల్లదోమ మీద పని చేసే మనిషి తమకు కావాలి అని.

ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని అందరికీ వినిపించేలా లెక్క తేల్చాడు. ఉద్యోగం ఇప్పించింది చచ్చిపోయినాయన, అడిగింది అమ్మ, లైబ్రరీ మేడం చేసింది మాత్రం కవరు మీద పర్సనల్ అని రాయించడం.

నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నా పుస్తకం కొత్తదయి ఉంటే బతికి ఉన్న శిష్యుడి పేరే దొరికేది. మొదటి ఉత్తరంలోనే పని అడిగేవాళ్లం. ఆయన మంచి కాగితం మీద, ఫైలులో ఉంచుతున్నాము అని రాసేవాడు. పుస్తకం పాతదవడం వల్లే పని జరిగింది. లైబ్రేరియన్‌కు ఈ వాదన చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, ఆ పుస్తకాన్ని పై అర నుంచి కింది అరలోకి మార్చాడు.

కుండీలను ఆమె చివరికి కాల్చనే కాల్చింది. విత్తనాలు మాత్రం చిన్న పొట్లాల్లో కట్టి, వాటికి కావలసిన అనుమతి కాగితాలు సంపాదించి, సూట్‌కేసులో పెట్టుకుంది. దోమతెరను అత్తమ్మ మంచానికి కట్టి ఇచ్చింది.

బతుకమ్మ పండుగ అయ్యాక ప్రయాణం. కాజీపేట స్టేషనుకు పోవడానికి ఆటో వాకిట్లోకి వచ్చింది. వాళ్ల అన్న సామాను పెడుతున్నాడు. ఆమె అత్తమ్మ కాళ్లకు మొక్కి, నన్ను పట్టుకుని, ఏమీ అనకుండా తిరిగి ఆటో వైపు నడిచింది.

అత్తమ్మ వెనక నుంచి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"గట్ల ఊకె లేసి పోతాన్నవేంది? ఇది పలకరింపా? పోయొస్త అను."

"పోయొస్తనమ్మా."

"జాతరకు రావాలె. నువ్వు లేకుంటె బెల్లం ఎవల ఎత్తు తూగాలె? మల్ల అను."

"పోయొస్త."

"అక్కకు చెప్పు. బావకు చెప్పు."

ఆమె అందరికీ చెప్పింది, ఆటో అతనితో సహా. మా ఆయన డ్యూటీ బట్టల్లో ఉన్నాడు. ఆ బండికి గార్డు ఆయన కాదు గానీ, పచ్చ జెండా తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఆటో కదిలాక జెండా ఊపాడు.

"అప్రెంటిస్ డాక్టరమ్మా," అన్నాడు, "చేరినంక కాయితం రాయి. రెండో పేజీ మరిచిపోకు."